ఎనభై గజాల తుపాకి

పోయిన థాంక్స్‌గివింగ్‌కి అక్కావాళ్ళు టెక్సాస్ నుంచి మా ఇంటికి వచ్చారు. భోజనాలయ్యాక నేను గరాజులో కూర్చుని శనివారం వేటకి నా లెవర్ యాక్షన్ రైఫిల్ తుడుచుకుంటున్నాను. బావ వచ్చి కాసేపు చూశాడు. "ఇంకా దీన్నే పట్టుకుని తిరుగుతున్నావారా? కౌబాయ్‌ల కాలం నాటిది. మంచి బోల్ట్ రైఫిల్ ఒకటి కొనుక్కుని దాని మీద దుర్బీనులాంటి మంచి స్కోపు పెట్టించుకో. ఐదొందల గజాల అవతలున్న జింకని కూర్చున్నచోటు నుంచే పడెయ్యొచ్చు" అన్నాడు. బావ మాటలో వెటకారం లేదు, నా మీద అభిమానమే. తను వేటాడే చోట అది నిజం కూడా. నాకప్పుడు సరైన జవాబు తోచలేదు. "నాకిదే బావుంటుంది బావా" అని ఊరుకున్నాను. ఏడాదిగా ఆ జవాబు నాలో నలుగుతూనే ఉంది. ఇవాళ రాస్తున్నాను.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. లెవర్ యాక్షన్ రైఫిల్ ఇన్నేళ్ళు బతికింది పాతకాలం మీద మోజు వల్ల మాత్రమే అంటే నేను ఒప్పుకోను. మామూలు మనిషి ఉత్త కంటితో చూసి, నిలబడి, చేతుల్లో పట్టుకుని నమ్మకంగా కొట్టగల దూరం ఎంతో, ఆ తుపాకి పనిచేసే దూరం కూడా దాదాపు అంతే. దాని హద్దుని చాలామంది లోపమంటారు. నేను దాన్నే గుణమంటాను.

మనవాళ్ళలో ఎక్కువమంది ఈ తుపాకిని తెర మీదే చూసి ఉంటారు. ట్రిగ్గర్ కింద ఉండే ఇనుప కమ్మీ వెనక్కి సాగి, మూడు వేళ్ళు దూరే కడియంలా ఉంటుంది. అదే మీట, అంటే లెవర్. దాన్ని కిందికి, ముందుకి తోస్తే లోపల బోల్టు వెనక్కి జరిగి, పేలిన తూటా తొడుగుని బయటికి విసిరేసి, అదే ఊపులో హ్యామర్‌ని, అంటే తూటాని పేల్చే చిన్న సుత్తిని, ఎక్కుపెడుతుంది. మీటని మళ్ళీ దగ్గరికి లాగితే, అసలు గొట్టం కింద ఉన్న రెండో గొట్టంలోంచి వచ్చిన కొత్త తూటా పైకి లేచి, పేలడానికి సిద్ధంగా, గొట్టం వెనక గదిలో, చేంబర్‌లో, కూర్చుంటుంది. తుపాకి భుజం మీద నుంచి దించక్కర్లేదు, చెంప వెనక కట్టె మీద నుంచి తియ్యక్కర్లేదు.

నాది మార్లిన్ 336. 1950ల్లో కనెక్టికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో తయారైంది. తూటా .30-30, అందరూ థర్టీ థర్టీ అంటారు. గొట్టం 20 అంగుళాలు, కింద గొట్టంలో 6 తూటాలు పడతాయి, బరువు మూడు కిలోల పైచిలుకు. దాన్ని ఎవరికి చూపించినా నేను ముందు చూపించేది ఒకటే. మీటకి కాస్త ముందు, బరువు సరిగ్గా తూగే చోట, ఉక్కు మీది నల్ల పూత అరిగిపోయి నాలుగు వేళ్ళ వెడల్పున వెండిలా మెరుస్తుంటుంది. చెయ్యి చాపి పట్టుకుంటే వేళ్ళు వాటంతటవే అక్కడికి వెళ్తాయి. నాకంటే ముందు మా పక్క పొలం పెద్దాయన వేళ్ళు అక్కడ పడ్డాయి, ఆయనకంటే ముందు వాళ్ళ నాన్నవి. డెబ్భై సీజన్లలో ఆ తుపాకి పేలింది మొత్తం కలిపి కొన్ని నిమిషాలు కూడా ఉండదు. మిగతా కాలమంతా ఎవరో ఒకరు దాన్ని మోశారు. ఆ మెరుపంతా మోసిన చేతులదే.

ఈ సంగతి తుపాకుల గురించి మాట్లాడేటప్పుడు ఎవరూ పట్టించుకోరు. వేట రోజంటే తెల్లవారుజామున నాలుగింటికి లేచి, సాయంత్రం చీకటి పడేదాకా కొండ ఎక్కి దిగడం. ట్రిగ్గర్ నొక్కేది, నొక్కితే, ఒక్కసారి. పక్కలు చదునుగా, సన్నగా ఉన్న తుపాకిని మధ్యలో ఒంటి చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కొమ్మలు తప్పించుకుంటూ నడవడం ఎంత సుఖమో, స్కోపు బిగించిన బరువైన రైఫిల్‌ని అదే కొండ మీద ఒక పూట మోసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇది నా చేతికెలా వచ్చిందో చెప్పాలి. ఆ కథలో నేను సంతోషంగా చెప్పుకోలేని భాగం ఒకటుంది.

నేను ఉండేది పెన్సిల్వేనియా నడిమధ్య, కొండల నడుమ. వర్క్ వీసా మీద ఉన్నన్నాళ్ళు తుపాకి ఆలోచనే పెట్టుకోలేదు. కొన్ని మినహాయింపులున్నా, వీసా మీద ఉన్నవాళ్ళని ఫెడరల్ చట్టం మామూలుగా తుపాకి ఉంచుకోనివ్వదు. గ్రీన్ కార్డ్ వచ్చాక హంటర్-ట్రాపర్ ఎడ్యుకేషన్ క్లాసులో చేరాను. నా పక్కన కూర్చున్నవాళ్ళందరూ పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు. ఆ ఏడు నా దగ్గర సొంత తుపాకి లేదు. తెలిసినవాళ్ళ బోల్ట్ రైఫిల్, స్కోపుతో సహా, అరువు తెచ్చుకున్నాను. నాది పుర్రచేతివాటం. బోల్టు పిడి కుడివైపు ఉంటుంది. ఒకసారి కాల్చాక చెయ్యి తుపాకి మీదుగా అవతలికి వెళ్ళి దాన్ని ఎత్తి, లాగి, తోసి, దించాలి.

సీజను రెండో రోజు మధ్యాహ్నం కరెంటు తీగల కింద అడవి కొట్టేసిన పొడవాటి బాటలో అవతలి చివర ఒక జింక నిలబడింది. దూరం కొలిచే పరికరం 240 గజాలు చూపించింది. స్కోపులో చూస్తే అంత దూరాన ఉన్నట్టే లేదు. చెవులు కదలడం కనిపిస్తోంది. అద్దం దాన్ని నా దగ్గరికి తెచ్చింది. నా చేతులు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. ఊపిరి ఎగసిపడుతోంది, మోకాలి మీద ఆనించిన మోచెయ్యి వణుకుతోంది. అయినా కాల్చాను. దెబ్బ పక్కటెముకల వెనక తగిలింది. నేను ఎడమ చెయ్యి అవతలికి పెట్టి బోల్టు లాగేలోపు జింక పొదల్లోకి వెళ్ళిపోయింది.

చీకటి పడ్డాక కూడా టార్చిలైటుతో నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ తిరిగాను. పక్క పొలం పెద్దాయనకి ఫోన్ చేస్తే ఆయన కర్ర పట్టుకుని వచ్చాడు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, అయినా రాత్రి పదకొండు దాకా నాతోపాటు తిరిగాడు. పొద్దున వాగు ఒడ్డున దొరికింది. నక్కల్లాంటి కయోటీలు సగం తినేశాయి. అది ఎంతసేపు బాధపడి చచ్చిపోయిందో ఆ నేల చూస్తే తెలుస్తోంది. ఒకచోట పడుకుని, లేచి, మళ్ళీ పడుకున్న గుర్తులు నాలుగున్నాయి. పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు.

ఫిబ్రవరిలో పిలిచి ఈ మార్లిన్ నా చేతుల్లో పెట్టాడు. తనిక కొండ ఎక్కలేనని, పిల్లలు ఊళ్ళో లేరని చెప్పాడు. అడిగిన ధర చాలా తక్కువ. ఇక్కడ రైఫిళ్ళు మనిషికి మనిషి అమ్ముకోవచ్చు. అయినా నేనే అడిగితే, ఇద్దరం తుపాకుల దుకాణానికి వెళ్ళి, తుపాకి కొనేవాళ్ళు నింపే ఫెడరల్ 4473 ఫారం నింపి, స్టేట్ పోలీసుల తనిఖీ అయ్యాకే తెచ్చుకున్నాను. దాంతోపాటు ఆయన ఒక కట్ట పేపర్ ప్లేట్లు ఇచ్చాడు, పిక్నిక్‌లో తినే తెల్ల ప్లేట్లు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఇంచుమించు ఆ ప్లేటంత. "ఇది చెట్టుకి కొట్టి, నిలబడి, దేనికీ ఆనుకోకుండా ఐదు కాల్చు. ఐదూ ప్లేటులో పడితే ఇంకో పది గజాలు వెనక్కి జరుగు. ఒక్కటి బయటికి పోయిందా, అక్కడితో నీ దూరం అయిపోయింది" అన్నాడు. ఆ ఏడు నా దూరం 50 గజాలు.

మీటకి కుడి ఎడమల తేడా లేదు. అది నడుమన ఉంటుంది. చిన్నప్పుడు ఎడమచేత్తో అన్నం ముట్టుకుంటే, పలక మీద ఎడమచేత్తో అక్షరం రాస్తే దెబ్బలు తిన్నవాణ్ణి. తాళం కప్పల దగ్గర్నుంచి కత్తెర దాకా అన్నీ కుడిచేతివాళ్ళ కోసం చేసినవే వాడుతూ పెరిగాను. మొదటిసారి ఆ మీట తిప్పినప్పుడు, ఈ పనిముట్టు నన్ను ఏమీ మార్చుకోమనడం లేదే అనిపించింది. ఈ కారణం ఒక్కటే చాలు నాకు, మిగతావన్నీ పక్కన పెట్టినా.

ఇప్పుడు హద్దు సంగతి. .30-30లో 150 గ్రెయిన్ల (పది గ్రాములకి కాస్త తక్కువ) గుండు సెకనుకి సుమారు 2,390 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. 100 గజాలకి గురి సరిచేసుకుంటే 200 గజాల దగ్గర దాదాపు 8 అంగుళాలు కిందికి పడిపోతుంది. అంటే ప్లేటు మధ్య చూసి కొడితే గుండు ప్లేటు కిందుగా పోతుంది. ఇలా ఎందుకంటే, ఒక కారణం ఆ రెండో గొట్టమే. అందులో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. వెనక తూటా మొన ముందు తూటా అడుగున ఆనుతుంది, అక్కడే పేలే మందు ఉంటుంది. మొన సూదిగా ఉంటే, తుపాకి వెనక్కి తన్నినప్పుడు గొట్టంలోనే పేలే ప్రమాదం. అందుకని మొన చదును చేశారు. చదును మొన గాలిని కోసుకుపోలేదు, త్వరగా వేగం కోల్పోతుంది. తుపాకి నిర్మాణమే దాని దూరాన్ని నిర్ణయించింది.

ఈ హద్దుని దాటినవాళ్ళు లేకపోలేదు. జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టిన ఆర్థర్ సావేజ్ 1890ల్లోనే దారి కనిపెట్టాడు. తూటాలని వరసగా కాకుండా చక్రంలా తిరిగే బొంగరం చుట్టూ పేర్చాడు. ఆయన మోడల్ 99లో హ్యామర్ బయటికి కనబడదు, సూది మొన తూటాలు నిక్షేపంగా వాడుకోవచ్చు, ఎన్ని మిగిలాయో చూపే చిన్న కిటికీ కూడా పక్కన ఉండేది. లెక్క ప్రకారం చూస్తే మిగతా అన్ని లెవర్ రైఫిళ్ళకంటే మెరుగైనది. దాదాపు వందేళ్ళు నడిచి, తయారీ ఖర్చు పెరిగి ఆగిపోయింది. గొట్టం బదులు తూటాలు పెట్టే డబ్బా ఉన్న బ్రౌనింగ్ బిఎల్ఆర్ ఇప్పటికీ దొరుకుతుంది, మంచి తుపాకే. అయినా ఈ తుపాకులంటే ఇష్టపడేవాళ్ళని ఎవరినైనా కదిపి చూడండి, ముందు నోట వచ్చేవి వించెస్టర్ 94, మార్లిన్ 336. హద్దుని దాటినవాటి కన్నా హద్దుని ఉంచుకున్నవే జనం చేతుల్లో ఎక్కువగా మిగిలాయి. 2000ల మధ్యలో హోర్నడీ కంపెనీ మెత్తటి రబ్బరులాంటి మొన పెట్టి, గొట్టంలో కూడా సురక్షితంగా ఉండే సూది తూటాలు తెచ్చింది. దాంతో దూరం కొంత పెరిగింది. నేను కొని చూశాను, బాగా పనిచేస్తాయి. నా ప్లేటు మాత్రం ఒక్క గజం కూడా వెనక్కి జరగలేదు. ఎందుకంటే హద్దు తూటాలో లేదు, నా చేతుల్లో ఉంది.

ఈ తుపాకి పుట్టుక చొక్కాలు కుట్టించి అమ్ముకునే ఒక వ్యాపారితో ముడిపడి ఉంది. హోరస్ స్మిత్, డేనియల్ వెస్సన్ 1850ల్లో చేసిన వోల్కానిక్ అనే మీట తుపాకి సరిగ్గా నడవక, ఆ కంపెనీ చొక్కాల వ్యాపారి ఆలివర్ వించెస్టర్ చేతికొచ్చింది. ఆయన దగ్గర పనిచేసిన బెంజమిన్ టైలర్ హెన్రీ 1860లో దాన్ని సరిచేసి పేటెంట్ తీసుకున్నాడు. అమెరికా అంతర్యుద్ధంలో మిగతా సైనికులు ఒక్కొక్క గుండూ దట్టించుకుంటున్న కాలంలో హెన్రీ రైఫిల్ ఒకసారి నింపితే పదహారు కాల్చేది. అయితే నింపాలంటే గొట్టం మూతి దగ్గర తెరవాలి. 1866లో నెల్సన్ కింగ్ పక్కన చిన్న తలుపు పెట్టాడు. బొటనవేలితో తూటాని ఆ తలుపులోంచి లోపలికి నొక్కితే స్ప్రింగ్ ఎదురు తన్నుతుంది, ఇంకాస్త నొక్కితే టక్కుమని లోపలికి పోతుంది. డిసెంబరు చలిలో ఆ ఇత్తడి చల్లదనం, ఆ తలుపు అంచు గోటికి గీసుకోవడం నాకు ఇప్పుడు రాస్తుంటే కూడా తెలుస్తోంది. నూటయాభై ఏళ్ళు దాటినా నా మార్లిన్‌కి ఉన్నది అలాంటి తలుపే. 1873 మోడల్ ఊరూరా పాకింది. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన 1894 మోడల్‌కి మరుసటి ఏడు పొగరాని మందుతో .30-30 తూటా కలిసింది. ఆ ఒక్క మోడలే 70 లక్షలకి పైగా అమ్ముడైంది.

'పడమటిని గెలిచిన తుపాకి' అని వించెస్టర్ ప్రచారం చేసుకునేది. ఆ నేల అప్పటికే వేరేవాళ్ళది. ఈ తుపాకిని ప్రేమిస్తూ ఆ సంగతి దాచడం నాకు తప్పనిపిస్తుంది. 1876 జూన్‌లో మోంటానాలోని లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర అమెరికా సైన్యంలోని కస్టర్ దళం చేతుల్లో ఉన్నవి ఒక్కొక్క తూటా పెట్టుకునే స్ప్రింగ్‌ఫీల్డ్‌లు. వాళ్ళని ఎదుర్కొన్న మూలవాసులు, లకోటా, షయాన్ యోధుల్లో చాలామంది దగ్గర హెన్రీలు, వించెస్టర్‌లు ఉన్నాయి. ఆ మైదానంలో దొరికిన తూటా తొడుగులని పరిశీలించిన పురావస్తు పరిశోధకులు దాన్ని నిర్ధారించారు. ఆ మరుసటి ఏడు బల్గేరియాలోని ప్లెవ్నా ముట్టడిలో టర్కీ సైన్యం 1866 వించెస్టర్‌లతో రష్యన్లని నిలువరించింది. యుద్ధాల్లో తర్వాత బోల్ట్ రైఫిల్ దీన్ని పక్కకి నెట్టేసింది. నేలకి అతుక్కుని పడుకున్న సైనికుడికి మీట కిందికి తోసే చోటుండదు. అడవిలో మాత్రం మనిషి నిలబడే ఉంటాడు.

మా అడవి సంగతి బావకి చెప్పాలి. హెమ్లాక్ చెట్లు, ఓక్ చెట్లు, వాటి కింద నడుం ఎత్తున మౌంటెన్ లారెల్ పొదలు. ఆకురాలాక కూడా లారెల్ పచ్చగానే ఉంటుంది. జింక కనిపించేది పొదల సందుల్లో, ఒక చెవి, ఒక కాలు, తోక కింది తెలుపు. 70 గజాలు దాటి నేరుగా కనబడే చోట్లు చాలా తక్కువ. కనబడితే మూడు సెకన్లో, నాలుగు సెకన్లో. ఆ కాస్తలో తుపాకి భుజానికి రావాలి, గురి చూసే మూతి దగ్గరి పూస వెనక గాడిలో కూర్చోవాలి. నా వయసుకి పూస, గాడి రెండూ ఒకేసారి తేటగా కనబడటం మానేశాయి, అందుకని వెనక గాడి తీయించి ఉంగరంలాంటి పీప్ సైట్ పెట్టించుకున్నాను. కాల్చగానే తనంతట తనే మళ్ళీ తూటా ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ రైఫిల్ పెన్సిల్వేనియాలో జింకలకి వాడకూడదు. కాబట్టి భుజం దించకుండా రెండో గుండు సిద్ధం చేసుకోవాలంటే ఇక్కడ మీట చాలా సులువైన దారి. చట్టం వల్ల ఈ తుపాకికి కొంత ఆయుష్షు పెరిగిందన్నది నిజం. 1988లో బ్రిటన్‌, 1996లో ఆస్ట్రేలియా సెమీ ఆటోమేటిక్‌ల మీద ఆంక్షలు పెట్టాక అక్కడి వేటగాళ్ళకి కూడా ఇది అందుబాటులో మిగిలింది.

బావ వేటాడే చోట ముళ్ళకంపలు కొట్టేసి వేసిన పొడుగాటి దారులు, కనుచూపు మేర చదును నేల, ఎత్తు మీద కూర్చోడానికి గదిలాంటి మంచె, తుపాకి ఆనించడానికి కిటికీ. అక్కడ తన 6.5 క్రీడ్‌మూర్ సరైన తుపాకే. నేను ఒప్పుకోనిది ఐదు వందల గజాల మాట ఒక్కటే. ఆ దూరానికి గుండు చేరడానికి అర సెకనుకి పైగా పడుతుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు నిలబడి ఉన్న జింక ఆ లోపల ఒక అడుగు వేస్తే గుండె ఉండాల్సిన చోటికి పొట్ట వస్తుంది. ఎంత గొప్ప గురికాడైనా ఆ అడుగుని ఆపలేడు. ఎనభై గజాల్లో గుండుకి పట్టేది సెకనులో పదో వంతు. ఇనుప పలకల మీద వెయ్యి గజాలు కొట్టు బావా, నేనూ వచ్చి చప్పట్లు కొడతాను. ప్రాణం ఉన్నదాని మీద వద్దు. వాగు ఒడ్డున నేను చూసింది నువ్వు చూడలేదు.

ఈ తుపాకిని వెనకేసుకొచ్చేవాళ్ళు చెప్పే కొన్ని మాటలు కూడా నేను ఒప్పుకోను. బరువైన, నిదానమైన గుండు కొమ్మల్లోంచి చీల్చుకుంటూ నేరుగా పోతుందని తాతల కాలం నుంచీ చెప్పుకుంటారు. అది తప్పు. ఏ గుండైనా రెమ్మ తగిలితే దారి తప్పుతుంది. ఆ మాట నమ్మి పొదల్లోకి కాల్చినవాళ్ళ వల్ల ఎన్ని జింకలు గాయాలతో పోయాయో. ఇంకోటి, ఇది చాలా వేగంగా కాల్చగలదనే గొప్ప. కౌబాయ్ పోటీల్లో మీట తిప్పేవాళ్ళని చూస్తే కళ్ళు తిరుగుతాయి, ఆ నేర్పుకి నేను దణ్ణం పెడతాను. వేటలో మాత్రం మొదటి గుండు సరిగ్గా పడకపోతే తర్వాతి ఐదింటి మీద ఆశ పెట్టుకోకూడదు.

లోపాలు చెప్పకపోతే ఇది వ్యాసం కాదు. పాత మార్లిన్‌లకి విడిగా సేఫ్టీ బటన్ లేదు. 1980ల నుంచి వచ్చినవాటికే అడ్డంగా నొక్కే బటన్ పెట్టారు. నా దాంట్లో, తూటా చేంబర్‌లో ఉండగా హ్యామర్‌ని సగం దాకా దించి ఆపడమే సేఫ్టీ. హాఫ్ కాక్ అంటారు. నా మూడో సీజన్లో ఒక సాయంత్రం వేళ్ళు కొంకర్లు పోయే చలిలో, చేతి తొడుగుతోనే హ్యామర్ దించబోయాను. బొటనవేలు జారింది. ట్రిగ్గర్ ఇంకా నొక్కే ఉంచాను కాబట్టి హాఫ్ కాక్ గాడి దాన్ని పట్టలేకపోయింది, తుపాకి పేలింది. మూతి నేలవైపు ఉంది. మంచు, మట్టి లేచి నా బూట్ల మీద పడ్డాయి. చెవులు గుయ్యిమంటుంటే చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. తప్పు నాది. అప్పటినుంచి ఉత్త బొటనవేలితోనే దించుతాను. మూతి మెత్తటి నేలకి పెట్టి, హ్యామర్ కదలగానే ట్రిగ్గర్ వదిలేస్తాను, అప్పుడు జారినా గాడి పట్టుకుంటుంది. పాతది కొనేవాళ్ళు ఇంటికి తెచ్చుకున్న రోజే, ఖాళీ తుపాకితో ఇది వంద సార్లు సాధన చెయ్యండి. సాయంత్రం తూటాలు తీసెయ్యాలన్నా ఒక్కొక్కదాన్నీ మీట తిప్పి చేంబర్ మీదుగానే బయటికి తీయాలి. అలసిపోయిన వేళ అది మంచి ఏర్పాటు కాదు. ఇప్పటి హెన్రీ కంపెనీ రైఫిళ్ళలో లోపలి గొట్టం లాగేసి తూటాలు ఒంపేసుకోవచ్చు, ఆ విషయంలో అవి నయం.

వ్యాపారం వైపు చూస్తే ఇది చచ్చి బతికిన తుపాకి. ఖర్చు తగ్గించుకోవడానికి వించెస్టర్ 1964లో తయారీ పద్ధతి మార్చింది. ఈనాటికీ పాతవి కొనేవాళ్ళు 'ప్రీ-64' అని అడిగి మరీ వెతుకుతారు. 2006లో న్యూ హేవెన్ ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు 94 మోడల్ జపాన్‌లో మిరోకు కంపెనీ చేస్తోంది, పనితనం చాలా బావుంటుంది. మార్లిన్‌ని 2007లో రెమింగ్టన్ కొంది. రెమింగ్టన్ దివాలా తీస్తే 2020లో రూగర్ కొనుక్కుని, మరుసటి ఏడాది చివర్లో మళ్ళీ మొదలుపెట్టింది. 2024లో స్మిత్ అండ్ వెస్సన్ 1854 అనే పేరుతో కొత్త లెవర్ రైఫిల్ తెచ్చింది. వోల్కానిక్ నాటి తమ పాత పేటెంట్ ఏడాదినే పేరుగా పెట్టుకుంది. నల్ల ప్లాస్టిక్ కట్టె, సైలెన్సర్‌కి మరలు ఉన్న రకాలు కుర్రవాళ్ళు ఎగబడి కొంటున్నారు. వాటి రూపం నాకు నచ్చదు. వాళ్ళు మీట తిప్పడం నాకు నచ్చుతుంది.

మా తాతది అమ్రాబాద్ పక్క పల్లె, నల్లమల అంచు. అడవిపందుల నుంచి పంట కాపాడుకోవడానికి ఆయన దగ్గర లైసెన్సు ఉన్న బర్మార్ తుపాకి ఉండేదట. మూతిలోంచి మందు పోసి, చువ్వతో దట్టించి, ఒక్కసారి కాల్చేది. నేను పుట్టేసరికే అది లేదు. ఇంట్లో దూలానికి దాన్ని తగిలించిన రెండు మేకులు మాత్రం చూశాను. ఒకసారి కాలిస్తే మళ్ళీ నింపేలోపు మంద చేను దాటిపోతుంది, అందుకని పల్లికాయ చేలో మంచె మీద కూర్చుని, పంది కింద వేళ్ళు పెకలిస్తున్న చప్పుడు స్పష్టంగా వినబడేదాకా తాత కదిలేవాడు కాదని నాన్న చెప్పేవాడు. ఎక్కువసార్లు ఆకాశంలోకి కాల్చి తరిమేసేవాడట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత అక్కడ వేట ముగిసింది, ముగియడం మంచిదే, ఆ అడవికి అది అవసరం. నేను ఇక్కడ ఓక్ చెట్టు మీద మంచె కట్టుకుని కూర్చున్నప్పుడు, ఒళ్ళో ఆ మార్లిన్ పెట్టుకుని చెవులు రిక్కించినప్పుడు, తాత చేసిన పనే చేస్తున్నానని తెలుస్తుంటుంది. దగ్గరికి రానివ్వడం. రాకపోతే ఊరుకోవడం.

పోయిన సీజన్లో మొదటి శనివారం ఏమీ రాలేదు. బావావాళ్ళు ఆదివారం వెళ్ళిపోయారు. తర్వాతి శనివారం పొద్దెక్కాక పెద్ద కొమ్ములున్న మగ జింక ఒకటి అవతలి గట్టు మీద నిలబడింది, 150 గజాలు ఉంటుంది. నేను హ్యామర్ ముట్టుకోలేదు. అది తల తిప్పి గాలి చూసి, గట్టు దిగి వెళ్ళిపోయింది. మూడు రోజుల తర్వాత ఒక ఆడ జింక లారెల్‌లోంచి నా మంచె కిందికే వచ్చింది. నలభై అడుగుల దూరం కూడా లేదు. పడినచోటే పడింది. ఫ్రీజర్లో ఆ మాంసం ఇంకా రెండు పొట్లాలుంది. మా ఆవిడ గోంగూర కోసం చూస్తోంది.

ఈ అక్టోబరులో మళ్ళీ ప్లేట్లు తీశాను. పెద్దాయన ఇచ్చిన కట్టలో అవే చివరివి. 70 గజాల దగ్గర ఐదుకి ఐదు. 80 దగ్గర ఐదుకి ఐదు, ఒకటి అంచున. 90 దగ్గర మూడోది బయటికి పోయింది. చిల్లుపడ్డ ప్లేటు వెనక తేదీ, దూరం రాసి గరాజు గోడకి కొట్టాను. ఈ ఏడు కూడా ఎనభైయే.